‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’: విశాఖలో ఇంటికి ఫైబర్ పెట్టించుకునేవారు పాటించవలసిన పద్ధతి

మధురవాడలో మేము కొత్తగా దిగిన ఫ్లాటుకు ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ రావడానికి 19 రోజులు పట్టింది. డబ్బు కట్టించుకున్న రోజున చెప్పిన గడువు 48 గంటలు. మొదటి రెండు వారాల్లోనే మా ఫోనుకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అన్న సందేశం మూడుసార్లు వచ్చింది. అప్పటికింకా ఇంట్లో తీగా లేదు, పెట్టే లేదు. ‘తలుపు తాళం వేసి ఉంది’ అని కారణం రాసి ఫిర్యాదును మూసేసిన రోజున మా అమ్మ పొద్దుటి కాఫీ నుంచి రాత్రి భోజనం దాకా వీధి తలుపుకు ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ 19 రోజుల్లో నేను చేసిన పొరపాట్లనూ, ఆ తరువాత రెండు వానాకాలాల్లో సర్వీసు ఆగిపోయినప్పుడల్లా కాస్త కాస్తగా నేర్చుకున్న పద్ధతులనూ ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. పక్క బ్లాకుల్లో వేరే కంపెనీల కనెక్షన్లు తీసుకున్నవారు చెప్పిన కథలు కూడా మా కథకు పెద్ద తేడాగా ఏమీ లేవు.

పద్ధతుల్లోకి వెళ్లే ముందు ఈ వైఫల్యం ఎక్కడ పుడుతుందో తెలిసి ఉండాలి. మనకు కనెక్షన్ అమ్మిన మనిషి వేరు, స్తంభం ఎక్కి తీగ లాగే మనిషి వేరు, ఫోన్ ఎత్తి ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అనే మనిషి వేరు. అమ్మే మనిషి చాలాసార్లు కమిషన్ మీద పనిచేస్తాడు. తీగ లాగే కుర్రాడు కాంట్రాక్టరు తాలూకు మనిషో, పాత కేబుల్ టీవీ ఆపరేటరు తాలూకు మనిషో అయి ఉంటాడు. ఫోన్ ఎత్తేవారికి మధురవాడ ఎక్కడుందో, కొమ్మాది ఎక్కడుందో తెలియవలసిన అవసరం లేదు. అమ్మినవాడు ఇచ్చిన మాట తీగ లాగేవాడి దాకా చేరదు, తీగ లాగేవాడికి ఎదురైన అడ్డంకి ఫోన్ ఎత్తినవారి తెర మీద కనిపించదు. కథంతా మొదటి నుంచి తెలిసిన మనిషి వినియోగదారు ఒక్కరే కాబట్టి, దాన్ని తేదీలతో సహా కాగితం మీద ఉంచే పని కూడా వినియోగదారుదే అవుతుంది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఆ పని మనం చేయకపోతే ఇంకెవరూ చేయరు.

డబ్బు కట్టక ముందు

‘మీ ఏరియాలో ఉంది సార్’ అన్న మాటకూ, ‘మీ బిల్డింగుకు ఉంది’ అన్న మాటకూ చాలా దూరం ఉంది. మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: మా ఇంటికి వచ్చే తీగ ఏ పెట్టె నుంచి మొదలవుతుంది, ఆ పెట్టెలో ఖాళీ పోర్టు ఉందా? ఇళ్లకు ఇచ్చే ఫైబర్‌లో ఎక్స్ఛేంజీ దగ్గర ఉండే ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి ఒకే పోగు బయలుదేరి, దారిలో స్ప్లిట్టర్ల దగ్గర 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. స్ప్లిట్టరులో పోర్టులు నిండిపోతే వీధి నిండా తీగలు వేలాడుతున్నా కొత్తవారికి కనెక్షన్ రాదు. మా విషయంలో జరిగినది అదే. తీగ లాగేవాడికి అది మొదటి రోజునే తెలుసు. కానీ అతని ఫోన్‌లోని యాప్‌లో ఆ కారణం రాయడానికి గడి లేదట, అందుకని ‘తాళం వేసి ఉంది’ అన్న గడిని నొక్కాడు. అమ్మే మనిషికి ఈ ప్రశ్నను వాట్సాప్‌లో రాసి, జవాబును కూడా రాతలోనే తీసుకోవాలి.

విశాఖలో దీనికి తోడుగా ఊరికి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరంలో స్తంభాలను వరుసగా పడగొట్టిన తరువాత, ప్రపంచ బ్యాంకు సాయంతో చాలా ప్రాంతాల్లో కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చే పని జరిగింది. కరెంటు సరఫరాకు అది మంచిదే. కానీ ఫైబర్ తీగలు మన రాష్ట్రంలో ఎక్కువగా నడిచింది కరెంటు స్తంభాల మీదుగానే; రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ పథకం కూడా ఆ ఆధారంతోనే మొదలై, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైంది. స్తంభాలు తీసేసిన వీధిలో ఫైబర్ ఏ దారిన వస్తుందన్న ప్రశ్నకు చెట్టు కొమ్మ, ఎదురింటి పిట్టగోడ, అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు వంటి జవాబులు వస్తాయి. అలాంటి దారిలో వచ్చే తీగ ఎప్పుడు ఎవరి కంటికి అడ్డంగా కనిపించి తెగిపోతుందో చెప్పలేం. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఇక్కడ 15 బిలియన్ డాలర్లతో డేటా కేంద్రాన్నీ, దానికి తోడు సముద్రగర్భ కేబుళ్ల కూడలినీ నెలకొల్పుతామని ప్రకటించినప్పుడు మా మెట్ల దగ్గర జరిగిన చర్చ అంతా, సముద్రం అడుగు నుంచి వచ్చే తీగ సరే, ఎదురింటి పిట్టగోడ మీదుగా వచ్చే తీగ సంగతేమిటన్నదే.

అపార్టుమెంటులో ఉండేవారు సంఘం అనుమతిని ముందే తీసుకోవాలి. డక్టులోంచి తీగ దింపడానికి వాచ్‌మన్ తాళం ఇవ్వలేదన్న కారణంతో ఒక విడత, మేడ మీద డ్రిల్లింగు చేయవద్దని అధ్యక్షులవారు అన్నారన్న కారణంతో మరో విడత సిబ్బంది వెనక్కి వెళ్లిపోతే, ఆ రెండు రోజులూ మన లెక్కలోకే వస్తాయి. సంఘం కార్యదర్శి గారి నుంచి రెండు వాక్యాల సందేశం ఫోన్‌లో ఉంటే చాలు.

ఇక డబ్బు. ఆరు నెలలకో సంవత్సరానికో ముందే కడితే ఇన్‌స్టలేషన్ ఉచితమన్న ఆశ చూపిస్తారు. పూర్వానుభవం లేని కంపెనీకి, పూర్వానుభవం లేని వీధిలో, ఒక్క నెలకు మించి కట్టకపోవడం మేలు. నేను ఆరు నెలలకు కట్టాను. ఆ తరువాత రద్దు చేసుకుంటానని బెదిరించడానికి కూడా నోరు రాలేదు, ఎందుకంటే డబ్బంతా అవతలివారి దగ్గరే ఉంది. చెప్పిన ధర 18 శాతం జీఎస్టీతో కలిపా, విడిగానా; రూటరు మనదా, డిపాజిట్టు మీద ఇచ్చినదా; డేటా పరిమితి దాటితే వేగం ఎంతకు పడిపోతుంది అన్న మూడింటినీ రాతలో అడగాలి. డబ్బును కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైటులోనో కట్టాలి తప్ప, ఇంటికి వచ్చిన మనిషి సొంత యూపీఐకి పంపకూడదు.

తీగ లాగే రోజు

ఆ రోజు ఇంట్లో ఉన్నవారు కుర్చీలో కూర్చుని టీవీ చూడకుండా కాసేపు పక్కన నిలబడాలి. ఫైబర్ లోపల ఉన్నది గాజు, అందులో నడిచేది కాంతి. దాన్ని కిటికీ రెక్క సందులోంచి తెచ్చి, మూల దగ్గర మడత పెట్టి మేకు కొడితే ఆ రోజుకు పనిచేస్తుంది, కానీ మడత దగ్గర కాంతి కారిపోతూనే ఉంటుంది. మూల తిరిగే చోట తీగ గుండ్రంగా వంగాలి. పెట్టె వెనకాల రెండు మూడు మీటర్ల తీగను చుట్టగా మిగల్చమని అడగాలి. రేపు చివర తెగితే కొత్త కనెక్టరు కొట్టడానికి ఆ మిగులే ఆధారం. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండేవారు, బయట కట్టిన క్లిప్పులూ కొక్కేలూ ఉప్పుగాలికి తుప్పు పడతాయి కాబట్టి, ప్లాస్టిక్ వాటిని అడగడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటుంది, దానికి నిమిషం కూడా పట్టదు. సిబ్బంది దగ్గర అరచేతిలో పట్టే పవర్ మీటరు ఉంటుంది. తీగ చివరను దానికి పెట్టి ‘పవర్ చూస్తారు’. తెర మీద మైనస్ గుర్తుతో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను ఫోటో తీసుకోవాలి. ఇళ్లలో సాధారణంగా −15 నుంచి −25 డీబీఎం (కాంతి బలానికి కొలత) మధ్య వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. −27 దాటితే పెట్టె తడబడుతుంది. ఈ లెక్కలో మూడు అంకెలు తగ్గితే వచ్చే కాంతి సగానికి పడినట్టు, ఆరు తగ్గితే పావు వంతుకు పడినట్టు. మా ఇంట్లో మొదటి రోజు −21 వచ్చింది. మరుసటి సంవత్సరం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు కురిశాక నెట్ వచ్చిపోతూ ఉంటే, కాల్ సెంటరు వారు మీ రూటరు పాడైంది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నేను పాత ఫోటో పంపి, మళ్లీ పవర్ చూడమని పట్టుబట్టాను. ఈసారి −29. స్తంభం మీది జాయింటు పెట్టె విప్పితే అందులోంచి నీళ్లు కారాయి. రూటరు ఖర్చు తప్పించినది ఆ ఒక్క ఫోటోనే.

తరువాతది ఓటీపీ ఘట్టం. మా ఇంటికి పద్నాలుగో రోజున తీగ వచ్చింది. పెట్టె బిగించిన కుర్రాడు చెమట తుడుచుకుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఫోన్ తీశాడు.

“సార్, ఓటీపీ చెప్పండి, క్లోజ్ చేసేసుకుంటాను.”

“నెట్ ఇంకా రాలేదు కదా తమ్ముడూ?”

“సాయంత్రానికి ఆఫీసోళ్లు యాక్టివేట్ చేసేస్తారండి. ఇప్పుడు క్లోజ్ అవ్వకపోతే నా పేరు మీద పెండింగ్ పడిపోద్ది. మాకు టికెట్‌కింతని లెక్క సార్.”

జాలిపడి చెప్పేశాను. సాయంత్రం రాలేదు, మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే మా రికార్డులో మీ ఇన్‌స్టలేషన్ పూర్తయింది, కొత్తగా ఫిర్యాదు పెట్టండి అన్నారు. పద్నాలుగు రోజుల ఆలస్యం ఆ ఒక్క ఓటీపీతో తుడిచిపెట్టుకుపోయి, కొత్త ఫిర్యాదు వయసు మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఆ కుర్రాడు మోసగాడు కాదు, అతని మీద ఉన్న ఒత్తిడి అలాంటిది. అయినా ఓటీపీ అంటే ‘పని పూర్తయింది’ అని మనం పెట్టే సంతకం. ఫోన్‌లో వైఫై కలిసి, ఒక వీడియో నడిచేదాకా అది చెప్పకూడదు. దాని బదులు ‘వైరింగ్ అయింది, యాక్టివేషన్ కాలేదు’ అని తేదీ, సమయంతో వాట్సాప్‌లో అతనికే ఒక సందేశం పంపితే, పై అధికారికి చూపించుకోవడానికి అతనికీ ఆధారం ఉంటుంది, మనకూ ఉంటుంది.

ఎర్ర లైటు వెలిగినప్పుడు

ఇంట్లో ఉన్న పెట్టెను ఓఎన్‌టీ అంటారు, మనం మోడెం అనో రూటరు అనో అంటాం. దాని మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే తీగలో కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు పెట్టెను ఆపి, పది సెకన్లు ఆగి, మళ్లీ వేయడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. కాల్ సెంటరు వారు ఆ పని మూడుసార్లు చేయిస్తారు. చేసినట్టు చెప్పి ముందుకు సాగడం ఉత్తమం. వెనక ఉన్న సన్నని తీగ సరిగా దిగి ఉందా, సోఫా కిందో తలుపు కిందో నలిగిందా అన్నది మాత్రం చూసుకోవాలి.

ఇక్కడ చాలామందికి తెలియని ఆయుధం ఒకటి ఉంది. మన ఇంటి పెట్టె కరెంటు పోయి ఆగిపోయేటప్పుడు, ఆరిపోయే ముందు క్షణంలో ఓఎల్‌టీకి ఒక సంకేతం పంపుతుంది. తీగ తెగితే ఆ సంకేతం వెళ్లదు, కాంతి మాత్రం మాయమవుతుంది. అంటే ఆ అంతరాయం మన ఇంట్లో కరెంటు పోవడం వల్ల వచ్చిందా, వాళ్ల తీగ తెగడం వల్ల వచ్చిందా అన్నది, సమయంతో సహా, వాళ్ల యంత్రంలోనే నమోదవుతుంది. కాబట్టి ‘మీ ఇంట్లోనే సమస్య’ అన్నప్పుడు వాదన పెట్టుకోకుండా, ‘మా ఓఎన్‌టీ ఏ సమయానికి, ఏ కారణంతో ఆఫ్‌లైన్ అయిందో మీ ఓఎల్‌టీ రికార్డు చూసి ఈమెయిల్‌లో తెలియజేయండి’ అని రాయాలి. ఈ వాక్యం చదివిన తరువాత అవతలివారి ధోరణి మారడం నేను రెండుసార్లు చూశాను.

వేగం తక్కువగా ఉందన్న ఫిర్యాదు వేరే రకం, అందులో తప్పు సగం సార్లు మనదే. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి దిగదు, ఎందుకంటే ప్లాన్‌ను కొలిచేది బిట్లలో, ఫైలును కొలిచేది బైట్లలో. రెండు గోడల అవతల పడకగదిలో వైఫై మీద కొలిచిన వేగాన్ని ఏ కంపెనీ ఒప్పుకోదు. ల్యాప్‌టాప్‌ను తీగతో రూటరుకు కలిపి, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒకసారి, మూడు రోజుల పాటు కొలిచి స్క్రీన్‌షాట్లు ఉంచుకోవాలి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా తీగ మీద ఎప్పుడు చూసినా 95 దగ్గరే ఆగిపోతుంటే, వాళ్లిచ్చిన రూటరు పోర్టు 100కే పరిమితమైనదని అనుమానించాలి; ఆ పెట్టెను మార్చమని అడిగే హక్కు మనకుంది.

ఫిర్యాదు రాసే తీరు

ఫోన్‌లో అరిచిన అరుపులు ఎక్కడా నమోదు కావు. ఫోన్ చేసినా, దాని వెనకనే ఈమెయిల్ పంపాలి. ఫిర్యాదు సంఖ్య లేని సంభాషణ జరగనట్టే లెక్క. ఇంట్లో పాల లెక్క రాసుకునే పుస్తకం లాంటిది ఒకటి పెట్టుకుని తేదీ, సమయం, ఫిర్యాదు సంఖ్య, మాట్లాడినవారు చెప్పిన పేరు, ఇచ్చిన గడువు రాసుకుంటే చాలు. మా అమ్మ క్యాలెండరు మీద, తిథి గడుల పక్కన, ‘నెట్ వాడు రాలేదు’ అని రాసిన రోజులు తరువాత నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చాయి.

తప్పుగా మూసేసిన ఫిర్యాదుకు నేను పంపిన ఈమెయిల్ ఇంచుమించు ఇలా ఉంటుంది:

‘విషయం: ఫలానా సంఖ్య గల ఫిర్యాదును పరిష్కరించకుండానే మూసివేయడం. జులై 8 ఉదయం 7 గంటల 40 నిమిషాల నుంచి మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంది, ఫోటో జతచేశాను. అదే రోజు 8 గంటలకు ఫిర్యాదు నమోదైంది. జులై 10 సాయంత్రం 5 గంటలకు పరిష్కారమైందని సందేశం వచ్చింది. ఆ మూడు రోజుల్లో మీ సిబ్బంది ఎవరూ మా ఇంటికి రాలేదు, లైటు ఇప్పటికీ ఎర్రగానే ఉంది. ఈ ఫిర్యాదును జులై 8 తేదీతోనే తిరిగి తెరవాలనీ, మా ఓఎన్‌టీ ఆఫ్‌లైన్ అయిన సమయాన్ని మీ రికార్డు నుంచి తెలపాలనీ, సేవ లేని రోజుల మొత్తాన్ని తరువాతి బిల్లులో తగ్గించాలనీ కోరుతున్నాను.’

ఇందులో కోపం లేదు, గతంలో పడిన కష్టాల చరిత్ర లేదు, సామాజిక మాధ్యమాల్లో పెడతానన్న బెదిరింపు లేదు. ఏ రోజు ఏం జరిగిందో ఉంది, ఏం కావాలో ఉంది. పాత తేదీతోనే తెరవమని అడగడం ఇందులో ప్రాణం; కొత్త ఫిర్యాదు పెట్టమన్నప్పుడు పెట్టినా, పాత సంఖ్యను అందులో తప్పకుండా పేర్కొనాలి.

గడువుల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధనలు మనకు కొలమానం. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు కొత్త కనెక్షన్‌కు 15 పనిదినాలనూ, పాడైన లైన్లలో 90 శాతానికి పైగా మరుసటి పనిదినంలోగా, 99 శాతం మూడు పనిదినాల్లోగా బాగుచేయాలన్న లెక్కనూ పెట్టాయి. మూడు పనిదినాలు దాటి ఏడు లోపు అయితే 7 రోజుల అద్దె, పదిహేను లోపు అయితే 15 రోజులది, ఆ పైన అయితే నెలది తగ్గించాలన్నాయి. వాటి స్థానంలో 2024 అక్టోబరు 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఈమెయిల్‌లో నిబంధన పేరు రాసేటప్పుడు 2024 నాటిదే రాయాలి, కానీ ఎంత తగ్గింపు అడగాలో తేల్చుకోవడానికి నేను ఇప్పటికీ ఆ పాత లెక్కనే మనసులో పెట్టుకుంటాను.

నెట్ లేని సమయంలో ఫోన్‌లో వెతికి దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేయడం ప్రమాదకరం. మోసగాళ్లు నకిలీ నంబర్లు పెట్టి, పది రూపాయలు కట్టమనో, స్క్రీన్ పంచుకునే యాప్ దించుకోమనో చెప్పి ఖాతా ఖాళీ చేస్తారు. నంబరును బిల్లు మీద నుంచో కంపెనీ యాప్ నుంచో మాత్రమే తీసుకోవాలి. పొరపాటు జరిగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పై మెట్లు

చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ నియంత్రణ సంస్థ. ఒక్కొక్కరి ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పదు. అది 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, రెండో మెట్టు అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీ. గడువు ముగిసినా పని కాకపోతే, ఆ తరువాత 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ఈ అథారిటీ చిరునామా కంపెనీ వెబ్‌సైటులో, టెలికాం వినియోగదారుల చార్టరులో ఉంటుంది, కాకపోతే ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా అనుభవంలో అప్పీలు సంఖ్య వచ్చిన మరునాడే, 12 రోజులుగా ఫోన్ ఎత్తని స్థానిక ఇన్‌చార్జి తానే ఫోన్ చేశాడు. అప్పీలు నిర్ణయం కన్నా, అప్పీలు పెట్టారన్న వార్త కిందికి ప్రయాణించడమే ఎక్కువగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

దానితో కూడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. వారు ఆదేశాలు ఇవ్వరు, ఫిర్యాదును కంపెనీ ముందుకు తీసుకువెళ్లి జవాబు రాబడతారు. ఇరుక్కుపోయిన రీఫండ్లకు ఈ దారి బాగా పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ప్రజా ఫిర్యాదుల పోర్టల్‌లో టెలికాం శాఖకు రాయడం మరో దారి. కంపెనీకి ముందే ఫిర్యాదు చేసిన ఆధారాలను అక్కడ జతచేయాలి.

చివరిది వినియోగదారుల కమిషన్. టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తిత్వం ఉంది కాబట్టి టెలికాం గొడవలు వినియోగదారుల ఫోరాలకు రావని 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును చూపించి కంపెనీలు చాలాకాలం తప్పించుకున్నాయి. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు, వినియోగదారుకు ఆ ఫోరానికి వెళ్లే హక్కు ఉందని స్పష్టం చేసింది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మనం నివసించే విశాఖ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోగా వేయాలి, 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అయినా నాలుగు రోజులు నెట్ పోయినందుకు ఈ దారి పట్టమని నేను చెప్పను. సంవత్సరానికి కట్టిన డబ్బు మునిగినప్పుడో, రద్దు చేసుకున్న కనెక్షన్‌కు బాకీ ఉందని వసూలు మనుషులు ఫోన్లు చేస్తున్నప్పుడో ఇది తగిన మార్గం.

ఇన్ని మెట్లు చెప్పిన తరువాత, రోజువారీ ఇబ్బందుల్లో అన్నిటికన్నా త్వరగా పనిచేసేది మన వీధి లైన్‌మన్ నంబరేనన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. అతనితో మర్యాదగా ఉండి, వచ్చినప్పుడు మంచినీళ్లిచ్చి, పండక్కి నాలుగు అరిసెలు పెట్టినవారి లైను ముందు బాగవుతుంది. అందులో తప్పు లేదు. కానీ అతనికి ఫోన్ చేసిన రోజున కూడా యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అతని మాట మీద ఆగి, ఫిర్యాదు పెట్టకుండా ఐదు రోజులు గడిపినవారికి, ఆ ఐదు రోజులూ సేవ సక్రమంగా ఉన్నట్టే రికార్డులో ఉంటుంది.

కనెక్షన్ తీసేయించేటప్పుడు

వదిలించుకోవడంలోనూ చిక్కులున్నాయి. రద్దు కోరుతూ ఈమెయిల్ పంపి, దానికి సంఖ్య తీసుకోవాలి; రీచార్జి చేయడం మానేస్తే అదే పోతుందన్న భరోసాతో ఉంటే, రూటరు తిరిగి ఇవ్వలేదని రెండేళ్ల తరువాత నోటీసు రావచ్చు. పెట్టె వెనక ఉన్న సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీయాలి. అడాప్టరునూ, వెనక ఉండే సన్నని తీగనూ (ప్యాచ్ కార్డు) పెట్టెతో పాటే ఇచ్చి, తీసుకువెళ్లే మనిషి చేత ‘రూటరు, అడాప్టరు ముట్టినవి’ అని రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకోవాలి. మా దగ్గరకు వచ్చినతను రసీదు పుస్తకం తేలేదు. అమ్మ క్యాలెండరు లోంచి ఆ నెల కాగితం చింపి ఇస్తే దాని వెనకాల రాసి సంతకం పెట్టాడు. డిపాజిట్టు వెనక్కి రావడానికి మేము పంపిన కాగితం అదే.